పంచనామాలో లేని పేరు

పోయిన బుధవారం పొద్దున ఆరూ నలభైకి వెంకట నర్సయ్య గారు తన పెన్నులో ఇంకు పోసుకున్నారు. ఆయన కూతురు అరుణ అప్పుడే పాలప్యాకెట్టు పట్టుకొని లోపలికి వస్తూ గోడ గడియారం చూసింది కాబట్టి సమయం తెలిసింది. "ఇంత పొద్దుగాలనే ఏం రాస్తవు నాయినా?" అని అడిగిందట. "సారుకు జాబు రాయాలె బిడ్డా. నువ్వు చాయ్ పెట్టు" అన్నారట. ఆమె చాయ్ తెచ్చేసరికి ఆయన కుర్చీలో కూర్చునే ఉన్నారు. పెన్ను మూత తీసి ఉంది. కాగితం మీద పైన నా పేరు, దాని కింద "సారూ," అన్న ఒక్క మాట ఉన్నాయి. ఊపిరి లేదు.

ఎనిమిదింటికి మిర్యాలగూడ నుంచి అరుణ ఫోన్ చేసినప్పుడు నేను కోదాడలో ఇప్పుడుంటున్న ఇంటి మెట్ల మీద పేపరు చదువుతున్నాను. ఆమె చెప్పింది విన్నాను. ఫోన్ పక్కన పెట్టి, చదువుతున్న వార్తనే మళ్లీ మొదటి నుంచి చదివాను. ఏమీ అర్థం కాలేదు. మూడోసారి చదవబోతే మా ఆవిడ పేపరు లాగేసి, "బయలుదేరండి" అంది.

ఆయన్ను ఎరిగినవాళ్లకు ఇందులో కొత్త సంగతులు తక్కువ. ఎరగనివాళ్ల కోసం చెబుతున్నాను. నర్సయ్య గారిది నిడమనూరు. ఉద్యోగంలో చివరి పదకొండేళ్లు మా ఊళ్లో వీఆర్వోగా చేశారు. మా ఊరు కోదాడకు ఈవల, సాగర్ ఎడమ కాలువ పక్కన ఉంటుంది. అక్కడి బడిలో నేను తెలుగు చెప్పేవాణ్ణి. బడికీ ఆయన ఆఫీసుకూ మధ్య ఒక్క గోడే అడ్డం.

ఆయన దస్తూరి గుండ్రంగా, కొట్టివేతలు లేకుండా ఉండేది. చుట్టుపక్కల ఎక్కడ శవం దొరికినా పంచనామా రాయడానికి పోలీసులు ఆయన కోసమే జీపు పంపేవారు. శవం ఎక్కడుంది, ఎలా ఉంది, ఒంటి మీద ఏమున్నాయి అన్నది ఊరివాళ్ల ఎదుట రాసి సంతకాలు పెట్టించే కాగితం అది. కేసు ఎన్నేళ్లు నడిచినా ఆ మొదటి కాగితాన్నే అందరూ తిరగేస్తారు. ఒకసారి ఆయనకు జ్వరంగా ఉంటే నేను రాసిపెట్టాను. "విగతజీవురాలై పడియుండగా" అని మొదలుపెట్టాను. ఆయన దుప్పట్లోంచి చెయ్యి బయటికి తీసి ఆ మాట కొట్టేశారు.

"ఏంది సారూ ఇది? సచ్చిపోయి ఉన్నది అని రాయి. సదివెటోనికి సమజ్ గావాలె."

"మరీ అంత మొరటుగానా? పోయిన మనిషికి కాస్త గౌరవం ఉండొద్దా?"

"సూసింది సూసినట్టు రాస్తె అదే గౌరవం."

ముప్ఫై ఏళ్లు పిల్లలకు అలంకారాలు చెప్పినవాణ్ణి. ఆ తర్వాత ఏం రాసినా ఆ దుప్పట్లోంచి వచ్చిన చెయ్యి గుర్తొస్తుంది. ఇప్పుడు కూడా.

భూమి కొలతలకు వెళితే ఆయన ఎవరింట్లోనూ మంచినీళ్లు తాగేవారు కాదు. ఊళ్లో పెద్ద కమతం ఉన్న ఆసామి ఒకాయన పక్క రైతు పొలంలోకి గట్టు రెండు గజాలు జరిపి చూపించమని బతిమాలితే, కొలత గొలుసు చుట్టేసి గట్టు మీద కూర్చున్నారు. "నాకు మొగమాటం జాస్తి పటేలా. గొలుసుకు అస్సలు లేదు. అందుకనే దాన్ని ఎంట తెచ్చుకున్న" అన్నారు. ఆ ఆసామితో సహా అక్కడున్న వాళ్లంతా నవ్వారు. ఆయన తన గురించి చెప్పుకున్న మాట నిజమని నాకు చాలా ఏళ్లకు గాని తెలియలేదు.

చాయ్ హోటల్ దగ్గర ఎవరో, "సారూ, నేను పోతే నా పంచనామా కూడా మీరే రాయాలండీ" అన్నారు. "రాస్తగని, కింద నీ సంతకం గూడ గావాలంటరు మా ఆఫీసోళ్లు. అదెట్ల మరి?" అన్నారు ఆయన. మాటల్లో అంత చురుకైన మనిషి ఆఖరి నాలుగేళ్లలో ఒక్క సరదా మాట ఆడినట్టు నాకు గుర్తులేదు.

సైదులు గురించి చెప్పాలి. అతను ట్రాలీ ఆటో నడిపేవాడు. నాట్లప్పుడు కూలి ఆడవాళ్లను వేములపల్లి, త్రిపురారం వైపు పొలాలకు చేరవేసేవాడు. కాలువలో పుట్టినట్టు ఈదేవాడు. ఎగువన ఎవరు పడినా మా ఊరి వంతెన దగ్గర తేలడం మామూలు. అందరూ ఒడ్డున ముక్కు మూసుకొని నిలబడితే సైదులు చొక్కా విప్పి దిగేవాడు. ఒడ్డుకు చేర్చాక అతనికి ఒక పద్ధతి ఉండేది. శవం ఒంటి మీద ఎక్కడ ముడి ఉన్నా, నడుముకు రాయి కట్టుకున్న కొంగైనా, చేతులకు కట్టుకున్న తాడైనా, విప్పేసేవాడు. "ముడితో పోతే మళ్లీ నీళ్లకే వస్తారండీ" అనేవాడు. వాళ్ల నాన్న దగ్గర నేర్చుకున్నాడట. విప్పాక దూరంగా వెళ్లి కాలువలోనే స్నానం చేసి, తడిబట్టలతో నిలబడి నర్సయ్య గారికి దండం పెట్టేవాడు.

"సార్, నా పేరు మాత్రం రాయమాకండి. పోయినసారి ఒక్క సంతకానికి ఆరు వాయిదాలు తిరిగాను."

నర్సయ్య గారు రాసేవారు కాదు. "గ్రామస్తుల సహాయంతో ఒడ్డుకు చేర్చగా" అని రాసేవారు. ఏళ్ల తరబడి అదే వాక్యం. ఎస్సైలు మారేవారు, వాక్యం మారేది కాదు. శవం బయటికి రావడమే గొప్ప కాబట్టి ఎవరూ అడగలేదు.

మంగ శవం కూడా అలాగే వచ్చింది. వేములపల్లి దగ్గరి మనిషి. ఇరవై ఆరేళ్లు. రెండు రోజులు నీళ్లలో ఉంది. కబురు వచ్చేసరికి నేను ఏడో తరగతిలో ఉన్నాను. నర్సయ్య గారు గోడ మీదుగా పిలిస్తే వెళ్లాను. సైదులు అప్పటికే ఆమెను ఒడ్డుకు లాగాడు. చీరకొంగు మెడచుట్టూ బిగించి, ఎడమ చెవి కింద ముడి వేసి ఉంది. నీళ్లకు నాని ముడి గట్టిపడింది. అతను మోకాళ్ల మీద కూర్చొని చాలాసేపు గోళ్లతో ఆ ముడిని తీశాడు. అది ఆత్మహత్య కాదని మాకు తెలుస్తూనే ఉంది. అలా ముడి తాకకూడదని కూడా తెలుసు. నర్సయ్య గారు "సైదులూ" అని ఒకసారి పిలిచారు. అతను వినిపించుకోలేదు. మేము మళ్లీ పిలవలేదు.

ఎస్సై వచ్చాడు. పంచనామా రాశారు. "గ్రామస్తుల సహాయంతో ఒడ్డుకు చేర్చగా, మెడచుట్టూ చీరకొంగు చుట్టి ఉన్నది, ముడి ఊడి ఉన్నది." కింద మూడు సంతకాలు. మొదటిది ఆయనది. రెండోది నాది. మూడో మనిషి ఆ మరుసటి ఏడే పోయాడు. నేను సంతకం చేసి మూడో పీరియడుకు బడిలో ఉన్నాను.

నెల తిరగకముందే పోలీసులు సైదులును పట్టుకెళ్లారు. మంగ ఫోన్లో అతని నంబరు ఉంది. ఉండకుండా ఎలా ఉంటుంది? రెండేళ్లు అతని ట్రాలీలోనే నాట్లకు వెళ్లింది. కాని అతని రక్తం తీసి ల్యాబుకు పంపితే, కొంగు ముడి పడిన చోట దొరికిన డీఎన్ఏ అతనిదేనని వచ్చింది. నీళ్లలోంచి తీసింది నేనే, ముడి విప్పింది నేనే అని అతను మొత్తుకున్నాడు. పంచనామా తీశారు. అందులో అతని పేరు లేదు. ముడి ఎవరూ విప్పలేదు. ఊడి ఉంది. ఒడ్డున నిలబడ్డ వాళ్లను అడిగితే ఒక్కొక్కరూ ఆ రోజు ఊళ్లోనే లేమన్నారు. అందరికీ వాయిదాల భయమే.

సూర్యాపేటలో విచారణ మొదలైంది. నర్సయ్య గారు అప్పటికి రిటైరై మిర్యాలగూడలో కూతురి దగ్గర ఉంటున్నారు. సాక్షిగా పిలుపు వచ్చింది. ఆ పొద్దున ప్రాసిక్యూటర్ ఆయనను వరండాలోకి పిలిచి, కాగితంలో ఉన్నది ఉన్నట్టు చెప్పమన్నాడు. లేనిది చెబితే తప్పుడు పత్రం రాసినందుకు మీ మీదే కేసవుతుంది అన్నాడు. బోనెక్కాక నిందితుడి తరఫు లాయరు ఆయనను అడిగాడు: "గ్రామస్తులు అని రాశారు. ఎవరా గ్రామస్తులు?"

నర్సయ్య గారు చేతిలోని కళ్లజోడు మడిచారు. "గుర్తులేదు" అన్నారు.

నేను వెనక బెంచీలో ఉన్నాను. సైదులు ఆయన వైపే చూస్తున్నాడు. కోపంగా కాదు. ఎవరో ఏదో మరిచిపోయి తిరిగి వస్తారని ఎదురుచూసినట్టు చూస్తున్నాడు. పంచనామాకు ఒక సాక్షి చాలని నన్ను పిలవలేదు. నాకు హాయిగా అనిపించింది. ఈ మాట రాయకపోతే ఇది ఆయన మీద రాసిన వ్యాసం కాదు.

బయట మెట్ల మీద సైదులు భార్య నాగమణి మాకు అడ్డం వచ్చింది. కేకలు వేయలేదు.

"గ్రామస్తులంటే ఎవరు సారూ? మా ఆయన గ్రామస్తుడు కాదా?"

ఆయన పక్కకు తప్పుకొని మెట్లు దిగారు. బస్టాండు దాకా నడిచాక నాతో అన్నారు: "మిషన్ల తేలుతది సారూ. గంత పెద్ద పరీక్ష. ఎప్పుడు ముట్టిండో, ఎందుకు ముట్టిండో గూడ చెప్తది గద. నా మాట తోని పనేముంటది?"

ఆయన నిజంగానే నమ్మారు. గొలుసుకు మొగమాటం లేనట్టే ల్యాబుకూ ఉండదనుకున్నారు. గట్టు దగ్గర తాను చెప్పలేనిది గొలుసు చెప్పింది. ఇక్కడ తాను చెప్పలేనిది మిషను చెబుతుందనుకున్నారు.

మూడు వాయిదాల తర్వాత ల్యాబు నుంచి ఒక మేడం వచ్చింది. చిన్న గొంతు, తొందర లేని మనిషి. లాయరు అడిగిన ప్రతిదానికీ ఎంత తెలుసో అంతే చెప్పింది. రెండు రోజులు పారే నీళ్లలో ఉన్న బట్ట మీద అంతకుముందటి డీఎన్ఏ నిలుస్తుందా అంటే, బాగా తగ్గిపోతుంది గాని పూర్తిగా పోతుందని చెప్పలేను అంది. "మరి ఇది ముడి వేసిన చెయ్యా, విప్పిన చెయ్యా?" అని అడిగాడు. "ఎవరిదో పరీక్ష చెబుతుంది. ఎప్పుడు, ఎలా అంటుకుందో చెప్పదు" అంది. చివర్లో ఇంకో మాట కూడా చెప్పింది. ముడి లోపలి మడతలో మరో మగమనిషి ఆనవాలు కొంచెం కనిపించింది. పోల్చి చూడడానికి సరిపోయేంత లేదు.

నర్సయ్య గారు ఒక చిన్న నోటుబుక్కులో ఇవన్నీ రాసుకున్నారు. ఆ చివరి వాక్యం కింద గీత గీశారు. ఆ గీత వంకరగా పోయింది. ఆయన చేత్తో వంకర గీత నేను అంతకుముందు చూడలేదు.

ఆ తర్వాత ఆయన ఒక్క వాయిదా కూడా మానలేదు. మిర్యాలగూడలో ఆయన ఎక్కే బస్సే మంగ తల్లి ఎల్లమ్మ దారిలో ఎక్కేది. ముందు సీట్లో ఆమె, నాలుగు సీట్ల వెనక ఈయన. ఏడాది పాటు మాట్లాడుకోలేదు. ఒకసారి బస్సు చెడిపోయి రోడ్డు పక్కన నిలబడ్డప్పుడు ఆయనే వెళ్లి చెప్పారట, ముడి విప్పింది సైదులే, నేను చూశాను, రాయలేదు అని. ఎల్లమ్మ అన్న మాటను ఆయన ఆ సాయంత్రం నాకు చెప్పారు:

"నా బిడ్డ మెడకు ముడి ఏసినోడు గావాలె సారు నాకు. ఇప్పినోన్ని పట్టుకొని నేనేం జేసుకోను?"

అప్పటి నుంచి ఆయనకు ఒక అలవాటు వచ్చింది. కోర్టు హాల్లో కూర్చొని ఒక్కొక్కరి చేతులు చూసేవారు. బస్సులో కమ్మీ పట్టుకున్న చేతులు, చాయ్ గ్లాసు పట్టుకున్న చేతులు. "ఆ రెండోడు ఈడనే ఉండొచ్చు సారూ. మన ఎనక సీట్ల కూసొని మన మాట ఇంటుండొచ్చు. వాన్ని ఎవలూ ఎతుకుతలేరు. నేను ఒక్కన్ని దొర్కబట్టిచ్చిన గద, ఇగ ఎందుకు ఎతుకుతరు?" అన్నారు, ఒకరోజు నేనూ ఆయన వెంట మిర్యాలగూడ బస్సెక్కినప్పుడు. ఆ బస్సులో మా వెనక సీటు వైపు తిరిగి చూడడానికి నాకు ధైర్యం చాలలేదు.

తానే లాయరు దగ్గరికి వెళ్లి మళ్లీ సాక్ష్యం చెబుతానన్నారు. దరఖాస్తు పెట్టాక, కోర్టు ఒప్పుకోవడానికి ఐదు వాయిదాలు పట్టింది. ఆ లాయరు నన్నూ అడిగాడు, మీరూ అక్కడున్నారట కదా అని. "సరిగ్గా గుర్తులేదండీ" అన్నాను. నర్సయ్య గారు అన్న మాటే. ఆయనకు ఈ సంగతి తెలిసింది. తెలిసి కూడా నన్ను ఒక్కనాడూ ఏమీ అనలేదు. సూర్యాపేట బస్టాండులో ఎప్పటిలాగే తన టిఫిన్ డబ్బాలోంచి సగం తీసి నాకు పెట్టారు.

రెండోసారి బోనెక్కినప్పుడు ఉతికి ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకొచ్చారు. సైదులు దిగడం, లాగడం, ముడి విప్పడం, దండం పెట్టి పేరు రాయొద్దనడం అన్నీ వరసగా చెప్పారు. ప్రాసిక్యూటర్ లేచాడు.

"ఆ రోజు గుర్తులేదన్నారు. ఇన్నాళ్లకు ఎలా గుర్తొచ్చింది?"

"ఆ రోజు గూడ గుర్తే సార్. చెప్పలే."

జడ్జిగారు రాస్తున్న పెన్ను ఆపి తలెత్తారు. ఆ ఒక్క వాక్యం చెప్పడానికి నర్సయ్య గారు రెండేళ్లు బస్సులో తిరిగారు. తీర్పులో జడ్జిగారు దాన్నే ఎత్తి రాశారు. ప్రమాణం చేసి ఒకసారి నిజం దాచానని తానే ఒప్పుకున్న సాక్షి మాటను నమ్మలేం అన్నారు. డీఎన్ఏ నివేదికకు నిందితుడు చెప్పిన వివరణకు కాగితం ఆధారం ఏదీ లేదన్నారు. యావజ్జీవం వేశారు.

జీపు ఎక్కిస్తుంటే సైదులు ఆగి, బేడీలున్న చేతులతోనే దండం పెట్టాడు.

"రాయొద్దన్నది నేనే కదా సార్. మీరు మనసులో పెట్టుకోమాకండి."

నర్సయ్య గారు అక్కడే మెట్టు మీద కూర్చుండిపోయారు. ఎల్లమ్మ తన సీసాలోని నీళ్లు ఆయన మొహం మీద చల్లింది.

ఆ తర్వాత ఆయన ఏ కాగితమూ రాయలేదు. అరుణ తన కొడుకు బడి దరఖాస్తు రాయమన్నా రాయలేదు. పెన్ను కడిగి గూట్లో పెట్టేశారు. హైకోర్టులో అప్పీలు పడింది. మళ్లీ వాయిదాలు. నెలకొకసారి జైలుకు వెళ్లి సైదులును చూసి వచ్చేవారు. ఏం మాట్లాడుకుంటారని అడిగితే, "కాలువల నీళ్లు ఎంత లోతున్నయని అడుగుతడు. చెప్త" అన్నారు.

అలాంటి మనిషి పోయిన బుధవారం గూట్లోంచి పెన్ను తీసి ఇంకు పోసుకున్నారు. "సారూ," తర్వాత ఏం రాయబోయారో నాకు తెలుసు. నాలుగేళ్లు నోటితో అడగలేనిది కాగితం మీద అడగబోయారు. మొగమాటం ఆయనను ఆఖరి దాకా వదల్లేదు.

అంత్యక్రియలకు నాగమణి మా ఊరి నుంచి వచ్చింది. ఎల్లమ్మ కూడా వచ్చింది. ఇద్దరూ ఒకే అరుగు మీద, మధ్యలో మనిషి పట్టేంత చోటు వదిలి కూర్చున్నారు. శవాన్ని పాడెకు కట్టిన తాళ్లను చితి దగ్గర కోయబోతుంటే నాగమణి లేచి వెళ్లి, "కోయమాకండి, విప్పండి" అంది. ఎవరూ కదలకపోతే తానే కూర్చొని విప్పింది. పెద్దలెవరో ఆడవాళ్లు ఇక్కడికి రాకూడదన్నారు. ఆమె తల కూడా ఎత్తలేదు.

మర్నాడు అప్పీలు చూస్తున్న లాయరుకు నేనే ఫోన్ చేశాను. పంచనామా మీద ముగ్గురి సంతకాలున్నాయని, అందులో బతికున్నది నేనొక్కణ్ణేనని, ముడి విప్పిన చేతిని నేను చూశానని చెప్పాను. ఈ దశలో వింటారో లేదో చెప్పలేనన్నాడు. ఇన్నాళ్లూ ఏం చేశారని కూడా అడిగాడు. బోనులో నన్ను అడగబోయే మొదటి ప్రశ్న అదే. దానికి జవాబు ఎలా చెప్పాలో ఆయన నాకు ముందే చూపించి వెళ్లారు. అలా చెప్పినవాడి మాట ఏమవుతుందో కూడా చూశాను. అయినా వెళతాను. ఇక సూర్యాపేట బస్టాండులో టిఫిన్ డబ్బా తెరిచి నా కోసం ఎదురుచూసే మనిషి లేడు. తన తప్పును అంత నెమ్మదిగా, అంత పూర్తిగా చెప్పగలిగిన మనిషిని నేను మరొకర్ని చూడలేదు. చూస్తానని కూడా అనుకోను.

నిన్న సాయంత్రం మా ఊరి వంతెన మీదుగా వచ్చాను. జనం గుమిగూడి ఉన్నారు. కింద నీళ్లలో ఎర్రచీర ఒకటి బోర్లా తిరుగుతూ ఉంది. కొందరు ఫోన్లలో తీస్తున్నారు. అది వంతెన స్తంభానికి కాసేపు ఆనుకొని, విడిపడి, కిందికి పోయింది. "దిగితే మన పేరు పడుద్దండీ" అన్నాడు నా పక్కనున్నాయన.

మా ఊరి దగ్గర కాలువలో శవం తేలితే ఇప్పుడు ఎవరూ దిగడం లేదు.